తళిగ నాటి పసుపు

నాకు సిగ్గు ఎక్కువని చిన్నప్పటి నుంచి ఎవరూ అనలేదు. నోరు ఎక్కువని మాత్రం అందరూ అన్నారు. పెళ్ళయిన కొత్తలో మా అత్తగారు, ఆ తర్వాత మా ఆడబిడ్డ, ఇప్పుడు పైకి అనకపోయినా మా కోడలు, అందరిదీ ఒకటే మాట: ఈమె నోట్లో నువ్వుగింజ నానదు అని. అలాంటిదాన్ని, ఒక సంగతిని మాత్రం ఎండాకాలం నుంచి పెరటాసి నెల దాకా కట్టుకున్నవాడి దగ్గర కూడా దాచాను. దాచానని నేను అనుకున్నాను.

నా కడుపు మీద, ఎడమ పక్క, ఒక సంచి ఉంది. పేగు చివర క్యాన్సర్ గడ్డ పుట్టింది. దాన్ని తీసేసినప్పుడు కింది దారిని కుట్టేసి, పేగు కొనను తెచ్చి కడుపు మీద తెరిచారు. ఇక బతికినంత కాలం దొడ్డికి అదే దారి. రావాలనుకున్నప్పుడు వస్తుంది, నన్ను అడగదు. వచ్చింది పట్టుకోవడానికి ఆ సంచి. ఇంత మాత్రం రాసేసరికే నా చెవులు వేడెక్కాయి.

ఆపరేషన్ తిరుపతిలో జరిగింది. ఆ ఆసుపత్రిలో ఈ సంచుల సంగతి చూసే నర్సు ఒకామె ఉండేది. పలమనేరు ఆమె. మనిషి సన్నం, గొంతు పెద్దది. మా వార్డులో మాట్లాడితే పక్క వార్డులో వాళ్ళు తలూపాలి, అంత గొంతు. నాకు ఆమె మీద మొదటి రోజే కోపం వచ్చింది. నా కడుపులో సంగతులు చిత్తూరు బజారు దాకా వినిపించాలా అని.

తెర లాగి, దుప్పటి తీసి, చూడమంది. నేను గోడ వైపు తిరిగాను.

"ఒక్కసారి సూడమ్మా. చిన్న టమోటా మాదిరి ఉండాది, అంతే."

టమోటాల సీమలో పుట్టి పెరిగినదానికి టమోటా చూపిస్తుందట, అనుకున్నాను. చూడలేదు. చివరికి ఒక రోజు చూశాను, నిజంగా అలాగే ఉంది. ఎర్రగా, తడిగా. తర్వాత చాలా రోజులు మా వంటింట్లో నేను టమోటా కోయలేదు. కోడలు ఎందుకని అడిగితే పులుపు పడటం లేదన్నాను.

నర్సు మా ఆయన్ని కూడా లోపలికి పిలిచింది. ఇంట్లో ఇంకొకరు నేర్చుకోవాలని, ఒక్కోసారి ఇది ఒకరి చేతులతో అయ్యే పని కాదని చెప్పింది. ఆయన కాఫీ ఫ్లాస్కు పట్టుకుని తెర పక్కన నిలబడ్డాడు. నేను ఆయన్ని చూసిన చూపుకు ఫ్లాస్కు అక్కడే స్టూలు మీద పెట్టి బయటికి వెళ్ళిపోయాడు. నర్సు నన్నూ, తెరనూ మార్చి మార్చి చూసింది. నేనే చేసుకుంటాను, నాకు ఎవరూ అక్కర్లేదన్నాను.

ఎందుకన్నానో చెప్పాలి. మా కాపురంలో నేను పెరట్లోకి వెళ్ళానని ఆయనకు ఎన్నడూ తెలియనివ్వలేదు. చెంబు తీసుకుని వెళుతూ కూడా బట్టలు ఆరేయడానికి వెళుతున్నట్టు వెళ్ళేదాన్ని. వచ్చాక కాళ్ళు కడుక్కుని, చీర మార్చుకుని, పొయ్యి దగ్గరకు పోవాలంటే తలంటకపోయినా స్నానం. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు కదా. నేను తొక్కకుండానే బతికినదాన్ని. ఇప్పుడు దాన్ని తెచ్చి నా ఒంటికే అతికించారు.

నర్సు అన్నీ చెప్పింది, చెప్పలేదని నింద వేయను. సంచి మూడో వంతు నిండగానే ఖాళీ చేయాలి. ఊరికే రోజూ పీకి మార్చకూడదు, చర్మం పుండవుతుంది. వేళకు తినాలి, నీళ్ళు తాగాలి, మజ్జిగ మంచిది. అతికించే చోట ఉత్త నీళ్ళతో తుడిచి ఆరనివ్వాలి. సబ్బొద్దు, నూనొద్దు, పౌడరొద్దు, పసుపొద్దు. ఈ చివరిది మాత్రం రెండోసారి చెప్పింది. "మనోళ్ళకు యాడ దెబ్బ తగిలినా పసుపే కదమ్మా, అందుకని సెప్తాండా." నేను గోడను చూస్తూ తలూపాను. గోడను చూసేవాళ్ళకు తలూపడం చాలా సులభం. ఇంటికి వెళ్ళేటప్పుడు తన ఫోన్ నంబరు ఇచ్చి, ఏ వేళనైనా చేయమంది. తనే అప్పుడప్పుడు చేసేది కూడా. ఎట్లుంది అంటే బాగుంది, అతుక్కుంటోందా అంటే అతుక్కుంటోంది. పెట్టేసేదాన్ని.

చిత్తూరులో మా ఇల్లు మా అంగడి మీదే. కింద మా ఆయన కిరాణా, పైన మేము. చుట్టుపక్కల వాళ్ళకు గర్భసంచి ఆపరేషన్ అని చెప్పించాను. క్యాన్సర్ అన్నా ఫరవాలేదు, జాలిపడి పోతారు. ఆ తర్వాత ఏం చేశారని అడుగుతారే, దానికే భయం. వెనక గది నాది చేసుకున్నాను. ఆయన్ని హాల్లో పడుకోమన్నాను, ఫ్యాను గాలి పడటం లేదని వంక. ఆయన చాప చుట్టుకుని వెళ్ళాడు. ఒక మాట అడగలేదు, అడిగి ఉంటే కసిరేదాన్ని.

సంచులున్న అట్టపెట్టెను ట్రంకు పెట్టెలో పెళ్ళి చీరల కింద పెట్టాను. రోజూ మార్చేదాన్ని. వద్దందని తెలుసు. కానీ నిన్నటిది ఈరోజు ఒంటి మీద ఉందంటే నాకు ముద్ద దిగేది కాదు. ఇల్లంతా సాంబ్రాణి వేసేదాన్ని, పొద్దునా సాయంత్రం. కోడలు దగ్గుతూ, దోమలు ఎక్కువైనాయా అత్తా అని అడిగింది. అవునన్నాను. ఎవరైనా ముక్కు మీద వేలు పెట్టుకుంటే చాలు, నా చెయ్యి నడుము మీదికి పోయేది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టే. పెళ్ళిళ్ళకు మోకాళ్ళ నొప్పి అన్నాను. గుడికి మెట్లెక్కలేనన్నాను. మెట్లు లేని గుడి కూడా ఉంది మా వీధి చివర, దానికి ఏమీ చెప్పలేక ఊరుకున్నాను.

అంతలో పెరటాసి వచ్చింది.

మా వైపు పెరటాసి నెలలో, సెప్టెంబరు అక్టోబరు నడుమ, ఒక శనివారం వెంకటరమణస్వామికి తళిగ వేస్తాం. పొద్దున్నే ఇంట్లో మగవాళ్ళు నామాలు పెట్టుకుని, ఇత్తడి చెంబు పట్టుకుని, గోవిందా అంటూ వీధిలో ఇళ్ళన్నీ తిరుగుతారు. ప్రతి ఇంటి ఆడమనిషీ గుప్పెడు బియ్యం వేస్తుంది. ఆ బియ్యం మన బియ్యంలో కలిపి మడితో వండాలి, రుచి చూడకూడదు. అరిటాకుల మీద అన్నం రాశిగా పోసి, నామం దిద్ది, చుట్టూ పులిహోర, చక్కెర పొంగలి, పెరుగన్నం, వడలు పెట్టి, బియ్యప్పిండి దీపాలు వెలిగిస్తాం. ఆ దీపాలు కొండెక్కేలోగా హారతి ఇవ్వాలి. హారతికి వండినామె ఎదురుగా ఉండాలి, అది మా ఇంటి పద్ధతి. మా అత్తగారు పోయినప్పటి నుంచి వండేది నేనే.

ఈసారి కోడలు, తళిగ నేను చేస్తాను అత్తా, మీరు కూర్చోండి అంది. పిల్ల మంచిది. నా నీరసం చూసి అన్న మాట. నాకు మాత్రం నువ్వు ముట్టుకోకూడదు అన్నట్టు వినిపించింది. నేనంత పనికిరాకుండా పోయానా, ఇంకా చావలేదు కదా అని ఇంటికప్పు ఎగిరేట్టు అరిచాను. పాపం, గరిటె పట్టుకుని అట్లే నిలబడిపోయింది.

నిజం చెప్పాలంటే నాకే ధైర్యం లేదు. చేయకపోతే ఆడబిడ్డ వచ్చి ఎందుకు చేయలేదని కూర్చోబెట్టి అడుగుతుంది. చేస్తే, వీధిలో అందరి చేతి బియ్యం, స్వామి నోటికి పోయే అన్నం, ఈ ఒంటితో. స్వామికి మనసులో చెప్పుకున్నాను, నీకు వండే తల్లికి ఇట్లయింది, వండమంటావా వద్దంటావా అని. ఆయన ఇలాంటి వాటికి బదులు చెప్పడు. చివరికి ఒకటి అనుకున్నాను. ఎవరూ వేలు పెట్టి చూపలేనంత మడితో చేస్తాను. ఈ ఒక్క శనివారం గడిచిందంటే నేను మళ్ళీ ఈ ఇంట్లో మనిషిని. గడవలేదంటే ఆ వెనక గదే నాకు గతి.

ఆ శనివారం పొద్దున స్నానానికి పోయి పాత సంచి తీశాను. చుట్టూ చర్మం ఎర్రగా పచ్చిపుండయి ఉంది. రోజూ పీకితే ఉండదా మరి. నీళ్ళు పోశాను, ఎన్ని చెంబులు పోసినా మనసు ఒప్పలేదు. ఉత్త నీళ్ళు ఉత్త నీళ్ళే కదా. గూట్లో పసుపు గిన్నె ఉంది. గడపకు రాసేది అదే, గాయానికి పెట్టేది అదే, తాళికి అద్దేది అదే, కొత్త గుడ్డ కట్టుకునే ముందు కొంగుకు పెట్టేది అదే. నర్సు పాట చెవిలో పడింది: సబ్బొద్దు, నూనొద్దు, పౌడరొద్దు, పసుపొద్దు. ఆమెకు ఆసుపత్రి శుభ్రం తెలుసుగానీ మడి ఏం తెలుసు అనుకున్నాను. గట్టిగా ముద్ద కలిపి, చుట్టూ దట్టంగా రాసి, ఆరనిచ్చి, దాని మీద కొత్త సంచి అతికించాను. భగ్గున మండింది. ఆ మంట కూడా మంచికే అనుకున్నాను. ఇన్నాళ్ళకు నా ఒళ్ళు శుద్ధి అయినట్టనిపించి, అక్కడే నిలబడి ఏడ్చాను.

వంట బాగా సాగింది. చేతులు ఏమీ మరిచిపోలేదు. చింతపండు గుజ్జు ఎంత పడాలో, పొంగలిలో నెయ్యి ఎప్పుడు ఆపాలో వాటికి తెలుసు. మా ఆయన, కొడుకు బియ్యం తెచ్చి వంటింటి గడప దగ్గర పెట్టి, లోపలికి రాకుండా నిలబడి గోవిందా అన్నారు. నేను కూడా అన్నాను. ఆ గోవింద నా గొంతులోంచి ఎంత గట్టిగా వచ్చిందో. మా ఆయన నన్ను ఒక్క క్షణం చూసి నవ్వాడు. ఆడబిడ్డ వచ్చింది. మా ఆయనకు అక్క, నాకు వదిన, మడి విషయంలో మా అత్తగారిని మించిన మనిషి. వడల పళ్ళెం చూసి, చెయ్యి తిరిగిన వంట అంది. ఆమె నోట్లోంచి అంత మాట రావడం నేనెరుగను.

తళిగ వేశాం. పిండి దీపాలు వెలిగించాం. అందరూ కూర్చుని గోవింద నామాలు చెబుతున్నారు. నేను అందరికంటే ముందు పీట మీద కూర్చున్నాను. ఒక దీపంలో నెయ్యి తక్కువైందని ముందుకు వంగాను.

నడుము దగ్గర వెచ్చగా తగిలింది. వాసన రాకముందే నాకు తెలిసిపోయింది. చేత్తో అదిమి పట్టుకున్నాను. చేతి కిందే జారింది. పసుపు పూత మీద జిగురు నిలుస్తుందా, ఊడి వేలాడింది. అంతలో వాసన లేచింది. నామాలు చెప్పేవాళ్ళ గొంతులు ఒకటొకటిగా తగ్గాయి. వదిన చుట్టూ చూసి, "ఏందో వాసనొస్తాండాదే" అంది. కొడుకు లేచి వీధి కాలవ వైపు కిటికీ మూశాడు. నేను లేచాను. లేవకుండా ఉండాల్సింది. పీట మీద మరక, నా చీర మీద మరక. ఎవరు చూశారో, ఎవరు చూడలేదో ఈరోజు దాకా నేను అడగలేదు. తల కొట్టేసినట్టయింది. స్నానాల గదిలోకి పోయి గడియ పెట్టుకున్నాను.

లోపల ఒక కొత్త సంచి తెచ్చి పెట్టుకుని ఉన్నాను, పొద్దుటిది సరిగ్గా కుదరకపోతే అని.  పసుపు రుద్దితే పోదు, రుద్దితే పుండు రక్తం. తుడుస్తుంటే మళ్ళీ వస్తోంది. అతికించాను, ఊడింది. అది కూడా పాడైపోయింది. మిగతావి ట్రంకు పెట్టెలో ఉన్నాయి, ట్రంకు పెట్టె గదిలో ఉంది, గదికి పోవాలంటే తలుపు తీయాలి. బయట గోవింద నామాలు మళ్ళీ మొదలయ్యాయి, మెల్లగా. దీపాలు ఆరిపోతాయని నాకు భయం. ఆరిపోతే అది నా వల్ల, నా ఒంటి వల్ల. చచ్చిపోయినా బాగుండేదనుకున్నాను. ఆసుపత్రిలో ఒక్కసారి కూడా అట్లా అనుకోలేదు.

తలుపు తట్టిన చప్పుడు. మా ఆయన.

"నర్సమ్మ ఫోన్లో ఉండాది. మాట్లాడు."

ఆయన దగ్గర ఆమె నంబరు ఉందని నాకు తెలియదు. చెయ్యి దూరేంత తలుపు తీసి, చెయ్యి బయట పెట్టి ఫోను అందుకుని మళ్ళీ వేసుకున్నాను. ఆమె ఏమైంది అని అడగలేదు.

"ఏం పూసినావమ్మా?"

  పసుపు అన్నాను. తిడుతుందనుకున్నాను, తిడితే నేనూ నాలుగు అంటే ప్రాణం కుదుటపడేది. తిట్టలేదు. అంత పెద్ద గొంతు మొదటిసారి చిన్నదయింది. రుద్దొద్దు, తడిగుడ్డతో అద్దమంది. వదలని పసుపు ఉంటే మజ్జిగ చిలికినంత నిదానంగా తీయాలంది. పడుకోవాలంది. నేను వంగి చూసుకుంటూ అతికిస్తే కడుపు ముడత పడుతుందట, ఇంకొకరు చర్మాన్ని సాగదీసి పట్టుకుని అతికించాలట.

"ఆడ ఎవరుండారమ్మా నీకు?"

ఈ మాట మళ్ళీ పాత గొంతుతోనే అడిగింది. తలుపు అవతల నుంచి ఆయన అన్నాడు. "నేనుండా. దీపాలు ఇంగా వెలగతాండాయి. నువ్వు రాకుండా హారతి ఇచ్చేది లేదు. తలుపు తియ్."

తీశాను.

వెనక గదిలో చాప మీద పడుకుని కొంగు మొహం మీద కప్పుకున్నాను. కప్పుకున్నా చూశాను. ఆయన మొదట మొహం పక్కకు తిప్పుకున్నాడు, ముక్కు ముడిచాడు. తిప్పుకోలేదని అబద్ధం రాయను. నేను ఇన్ని నెలలు దేనికి భయపడ్డానో సరిగ్గా అది చూశాను. అది చూశాక ఇంకా చూడాల్సింది ఏమీ మిగల్లేదు. ఆయన ఊపిరి పీల్చుకుని, నా పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పెట్టె ఎక్కడుంది అని అడగలేదు, నేరుగా ట్రంకు తెరిచి చీరల కింద చెయ్యి పెట్టాడు.

ఫోను నేల మీద పెట్టి, నర్సు చెబుతుంటే ఆయన చేశాడు. చేతులు సబ్బుతో కడుక్కోమంది, అంగట్లో మిరపకాయలు ముట్టుకున్న చేతులు కదా, రెండుసార్లు కడుక్కున్నాడు. తడిగుడ్డతో పసుపును కొంచెం కొంచెంగా అద్ది తీశాడు. త్రాసు పళ్ళెం తుడిచేటప్పుడు ఎంత నిదానంగా తుడుస్తాడో అంతే నిదానం. గోళ్ళతో గీరలేదు. సంచి నోటి దగ్గరి జిగురు పట్టీకి రంధ్రం కొలత చూసి కత్తిరించాడు. అతికించే ముందు దాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని వెచ్చబెట్టమంది. పెట్టుకుని కూర్చున్నాడు, దండం పెట్టుకున్నట్టు. తర్వాత ఒక చేత్తో చర్మం సాగదీసి, ఇంకో చేత్తో అదిమి పట్టుకున్నాడు. ఆయన చెయ్యి నా కడుపు మీద అంతసేపు ఉండటం నాకు జ్ఞాపకం లేదు. అతుక్కుందా అని నర్సు అడిగింది. అతుక్కునిందమ్మా అన్నాడు. ఈసారి ఇద్దరూ కలిసి రండి అని చెప్పి పెట్టేసింది.

నేను కొంగు తీయలేదు. ఆయన గుడ్డలు, ఊడినవి అన్నీ కవర్లో మూటగట్టాడు. సరుకు పొట్లానికి వేసే ముడే వేశాడు. వేసి అన్నాడు.

"ఇంత దానికా నన్ను హాల్లోకి తోసినావు?"

నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. ఇంత దానికా అంటే ఎంత దానికి? అది ఆయనకు ఎంతో నాకు తెలియదు, నాకు ఎంతో ఆయనకు తెలియదు.  వేరే చీర కట్టుకుని, నేను పూజ దగ్గరికి రానన్నాను. ఈ ఒంటితో రాను, మీరు స్నానం చేసి పోయి హారతి ఇచ్చేయండి అన్నాను.

మా ఇంట్లో అది దాటరాని పద్ధతి. పసిపిల్ల పక్కగుడ్డ ముట్టుకున్నా మునగాల్సిందే. ఆయన కొళాయి కింద చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, తిన్నగా దేవుడి గది వైపు నడిచాడు. స్నానం, అని వెనక నుంచి పిలిచాను. ఆగలేదు. గుమ్మం దగ్గర వదిన నిలబడి ఉంది. ఆయన్ని కిందా మీదా చూసి, మునిగి రారా తమ్ముడా అంది. ఆయన ఆమె పక్కగా లోపలికి పోయాడు.

పిండి దీపాల్లో రెండు ఆరిపోయాయి, మిగతావి వెలుగుతున్నాయి. కర్పూరం ముట్టించి హారతి ఎత్తాడు. గోవిందా అన్నాడు, అందరూ అన్నారు. నేను గడప ఇవతలే ఉన్నాను. ఆయన పళ్ళెం తీసుకుని ముందు వదిన దగ్గరికి పోయాడు. ఆమె వెంటనే చేతులు చాచలేదు. పళ్ళెం పట్టుకున్న ఆయన వేళ్ళను చూసింది. కడిగినా పోని పసుపు గోళ్ళ సందుల్లో ఉంది, కర్పూరం వెలుగులో బాగా తెలుస్తోంది. పూజ పసుపు అనుకుందో ఏమనుకుందో, హారతి కళ్ళకు అద్దుకుంది. కొడుకు, కోడలు అద్దుకున్నారు.

తర్వాత ఆయన గడప దాటి నా దగ్గరికి వచ్చాడు. నా చేతులు లేవలేదు. తీసుకో, అన్నాడు. ఆ గోళ్ళలోది ఏ పసుపో ఆ ఇంట్లో మా ఇద్దరికే తెలుసు. నేను తల ఎత్తలేకపోయాను. తల దించుకునే హారతి తీసుకుని కళ్ళకద్దుకున్నాను.